కారు మెరుగు: గీత ఎక్కడికి పోతుంది?

కొత్తగా కొన్న నల్లని కారును మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలిపి, దాని బానెట్టులోకి వంగి చూస్తే సూర్యుని ప్రతిబింబము అద్దంలో వలె అంచు చెదరక కనిపిస్తుంది. అదే కారు జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల రోడ్లమీద రెండు మూడేళ్ళు తిరిగిన తరువాత మరల చూడండి. ప్రతిబింబము చుట్టూ సాలెగూడు వంటి సన్నని తెల్లగీతలు వలయాలు వలయాలుగా కనిపిస్తాయి. నీడలోకి తెస్తే గీతలు మాయమవుతాయి. రంగు మాత్రము కొంచెం వెలిసినట్లు, బూడిద పట్టినట్లు ఉంటుంది.

ఇట్టి కారును రంగులు వేసే షెడ్డుకు తీసుకొనిపోతే, పనివాడు వెన్న వంటి తెల్లని లేపనాన్ని నాలుగు చుక్కలు బానెట్టుమీద పెట్టి, స్పాంజి బిళ్ళ తొడిగిన యంత్రాన్ని దానిమీద తిప్పుతాడు. ఐదు పది నిముషాలలో గీతలు పోతాయి. ఆ లేపనాన్ని వాడుకలో 'కాంపౌండు' అంటారు. చేసే పనిని 'రబ్బింగు' అని, 'పాలిష్' అని అంటారు. మందు పుండులో నిండినట్లు కాంపౌండు గీతలలో నిండి వాటిని పూడ్చివేసిందని చూచేవారిలో చాలామంది అనుకుంటారు. జరిగింది సరిగ్గా దానికి విరుద్ధము. గీత పూడలేదు, గీత చుట్టూ ఉన్న పూతే గీత అడుగుదాకా అరిగిపోయింది. నేలమీద గుంట లేకుండా చేయడానికి రెండు మార్గాలున్నాయి: గుంటను పూడ్చడం ఒకటి, చుట్టూ ఉన్న నేలనంతా గుంట లోతుదాకా చెక్కివేయడం రెండవది. కాంపౌండు చేసేది రెండవ పని.

ఈ చిన్న భేదము తెలియనందువల్ల కారు యజమాని ప్రతి పండుగకూ పాలిష్ చేయించి, తన బండికి మేలు చేస్తున్నాననుకుంటూ దాని ఆయుర్దాయాన్ని తానే తగ్గించుకుంటాడు. కనుక గీత అంటే ఏమిటో, అది ఎందుకు కనిపిస్తుందో, దానిని తీయడానికి ఎంత వెల చెల్లించవలసి ఉన్నదో విచారించడం అవసరము.

గీత తెల్లగా ఎందుకు కనిపిస్తుంది?

ఇప్పటి కార్లలో పైకి కనిపించే రంగు అన్నిటికన్న పై పొర కాదు. రంగుమీద గాజువలె పారదర్శకమైన వార్నిష్ పొర ఒకటి ఉంటుంది. దీనిని క్లియర్ కోటు అంటారు. దీని వక్రీభవన గుణకము సుమారు 1.5. నిట్టనిలువుగా పడిన కాంతిలో నూటికి నాలుగు పాళ్ళు మాత్రమే ఈ పొర ఉపరితలము వద్ద పరావర్తనము చెందుతుంది. మిగిలినది లోపలికి పోతుంది. కారు నలుపుదైతే లోపలి రంగు దానిని దాదాపు పూర్తిగా మింగివేస్తుంది. అనగా నల్లకారు నిగనిగ అంతా ఆ నాలుగు పాళ్ళ కాంతి వల్లనే.

ఉపరితలము నునుపుగా ఉన్నప్పుడు ఆ నాలుగు పాళ్ళూ ఒకే దిశలో పోతాయి. గీత పడిన చోట గోడలు వాలుగా ఉంటాయి కనుక కాంతి ఇష్టము వచ్చినట్లు నలుదిక్కులకు చెదరిపోతుంది. నల్లని నేపథ్యంలో ఆ చెదరిన కాంతి తెల్లని గీతగా కంటికి తగులుతుంది. తెల్లకారుమీద కూడా ఇన్ని గీతలే ఉంటాయి. కాని లోపలి తెల్లరంగు తానే అన్ని దిక్కులకు కాంతిని వెదజల్లుతున్నందున ఇవి అందులో కలిసిపోతాయి. తెల్లకారు కొన్నవాడు అదృష్టవంతుడని షెడ్డువాళ్ళు ఊరికే అనరు.

మరి గీతలు వలయాలుగా ఎందుకు కనిపిస్తాయి? కారును తుడిచిన చేయి గుండ్రంగా తిరిగింది కనుక అని సాధారణంగా చెప్పే సమాధానము. ఇది చాలవరకు తప్పు. ఇంట్లో వాడిన స్టీలు పళ్ళాన్ని ఒక దీపము కింద పట్టి చూడండి. దీపపు ప్రతిబింబము చుట్టూ వలయాలు కనిపిస్తాయి. ఇప్పుడు పళ్ళాన్ని కదల్చకుండా దీపాన్ని జరపండి. వలయాలు కూడా దీపముతోబాటు జరుగుతాయి! గీతలు నిజంగా వలయాలే అయితే అవి పళ్ళెంలో ఉన్నచోటనే ఉండాలి గదా. వాస్తవానికి పళ్ళెంమీద అన్ని దిశలలోను వేలకొలది తిన్నని గీతలున్నాయి. ఒక్కొక్క గీత సన్నని స్థూపాకారపు అద్దము వంటిది. దీపము, కన్ను, గీత ఉన్న చోటు ఈ మూడింటిని కలిపే తలానికి అడ్డంగా ఉన్న గీత మాత్రమే కాంతిని కంటివైపు పంపగలదు. అట్టి గీతలనే ఏరి చూస్తే అవి ప్రతిబింబము చుట్టూ వృత్తపు ముక్కలవలె అమరి కనిపిస్తాయి. మిగిలిన గీతలు ఆ క్షణంలో చీకటిలో ఉంటాయి. ఉపాధ్యాయులు తరగతిలో ఒక టార్చిలైటుతో ఐదు నిముషాలలో చూపగల ప్రయోగమిది.

ఎంత నునుపైతే నునుపు? ఈ ప్రశ్నకు లార్డ్ రేలీ ఒక కొలత ఇచ్చాడు. ఎత్తుపల్లాలు కాంతి తరంగదైర్ఘ్యంలో ఎనిమిదవ వంతుకన్న తక్కువైతే ఆ తలము నిట్టనిలువుగా పడే కాంతికి నునుపైనదే. ఆకుపచ్చ కాంతి తరంగదైర్ఘ్యము 0.55 మైక్రాను, దానిలో ఎనిమిదవ వంతు సుమారు 0.07 మైక్రాను. (మిల్లీమీటరులో వెయ్యవ వంతు ఒక మైక్రాను.) కాంతి ఏటవాలుగా పడినకొద్దీ ఈ షరతు సడలుతుంది. నోటుపుస్తకపు అట్టను కంటి ఎత్తున అడ్డంగా పట్టి దూరపు దీపము వైపు చూస్తే, గరుకైన అట్ట కూడా తళుక్కుమనడానికి కారణమిదే. కారు అమ్మేవాడు బండిని ఏటవాలు వెలుగులో నిలిపి చూపడం, కొనేవాడు ఎదుటినుండి టార్చి వేసి చూడడం, ఈ ఇద్దరూ తెలియకుండానే రేలీ సూత్రాన్ని వాడుతున్నారు.

లోతు తెలుసుకొనే ఉపాయము

గీత క్లియర్ కోటులోనే ఉన్నదో, దానిని దాటి రంగులోకి దిగిందో తెలుసుకోవడానికి షెడ్లలో ఒక సులభమైన పరీక్ష చేస్తారు. గీతమీద కొంచెము నీరు చల్లుతారు. తడిసినంతసేపు గీత కనిపించకపోతే అది పై పొరలోనిదే. గరుకు అద్దపు కిటికీమీద నీళ్ళు పడితే అవతలివైపు కనిపించినట్లే ఇదీ. గాలి వక్రీభవన గుణకము 1, నీటిది 1.33, పూతది 1.5. గీతలోని గాలిని తోసి నీరు కూర్చుంటే రెండు గుణకాల మధ్య తేడా తగ్గి, చెదరే కాంతి తగ్గుతుంది.

ఇదే కిటుకుతో మోసము కూడా చేయవచ్చును. కొన్ని లేపనాలలో నూనె, మైనము హెచ్చుగా ఉంటాయి. వాటి గుణకము పూత గుణకానికి చాల దగ్గర. రుద్దగానే అవి గీతలలో నిండి, పాతకారును కొత్తదానివలె చూపుతాయి. సబ్బునీటితో నాలుగుసార్లు కడిగేసరికి గీతలన్నీ తిరిగి వస్తాయి. పాత కార్ల బేరంలో ఇది తెలిసి ఉండడం మంచిది. స్పిరిటులో తడిపిన మెత్తని గుడ్డతో ఒక మూల తుడిచి చూస్తే నిజము బయటపడుతుంది.

ఎంత ఉన్నది, ఎంత తీయవచ్చును?

కారు రేకుమీద ఫ్యాక్టరీలో వేసే పూతలు సాధారణంగా నాలుగు. మొదట రేకును తుప్పునుండి కాపాడే పూత, దాదాపు 20 మైక్రాన్లు. ఆపైన ప్రైమరు, 30 మైక్రాన్ల ప్రాంతము. తరువాత రంగు, 15 మైక్రాన్లు. చివర క్లియర్ కోటు, సుమారు 40 మైక్రాన్లు. కంపెనీనిబట్టి, రంగునుబట్టి ఈ సంఖ్యలు కొంచెం అటూ ఇటూ అవుతాయి. నాలుగూ కలిపి నూరు మైక్రాన్లకు కొంచెం ఎక్కువ. మనిషి తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రాన్లు. అంటే కారుకు అందము, రక్షణ ఇస్తున్న పై పొర ఒక వెండ్రుకకన్న పలుచన.

ఒక బానెట్టు వైశాల్యము ఒకటిన్నర చదరపు మీటర్లనుకుందాము. దానిమీది గీతలు 2 మైక్రాన్ల లోతు ఉన్నవి. వాటిని పూర్తిగా తీయాలంటే బానెట్టంతటా 2 మైక్రాన్ల పూతను తీసివేయాలి. లెక్కవేస్తే అది 3 ఘన సెంటీమీటర్లు. ఒక చెంచాలో సగము కొంచెం దాటుతుంది. ఇంత స్వల్పమా అనిపిస్తుంది. కాని ఆ సగము చెంచా తిరిగి రాదు. 40 మైక్రాన్లలో 2 పోతే నూటికి ఐదు పాళ్ళు పోయినట్లు.

పోతే ఏమి? పాలిష్ చేసిన తరువాత కూడా మెరుస్తూనే ఉన్నది గదా అనవచ్చును. ఇక్కడనే అసలు నష్టము దాగి ఉన్నది. క్లియర్ కోటులో సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలను మింగే పదార్థాలు కలిపి ఉంటారు. అవి అడుగునున్న రంగుకు గొడుగు వంటివి. ఇట్టి శోషణము మందముతో సరళంగా మారదు, ఘాతక్రమంలో మారుతుంది. ఉదాహరణకు, 40 మైక్రాన్ల పొర తనమీద పడిన అతినీలలోహిత కాంతిలో నూటికి ఒక పాలును మాత్రమే కిందికి వదులుతున్నదనుకుందాము. అదే పొర 30 మైక్రాన్లకు తగ్గితే నూటికి మూడు పాళ్ళు దాటుతాయి; 20కి తగ్గితే పది పాళ్ళు! మందము సగమైతే రంగుకు తగిలే దెబ్బ రెండింతలు కాదు, పదింతలు అయింది. సంవర్గమానాలు నేర్చుకొంటున్న విద్యార్థి ఈ లెక్కను తానే సరిచూసుకోవచ్చును.

వేసవిలో తెలంగాణ ఎండ ఎట్లా ఉంటుందో చెప్పనవసరము లేదు. గొడుగు పలచబడిన చోట రంగుకు, క్లియర్ కోటుకు మధ్యనున్న పట్టు క్రమంగా విడిపోతుంది. ముందుగా కారు పైకప్పుమీద, బానెట్టుమీద తెల్లని మచ్చలు పడతాయి. ఆపైన పొట్టు లేచినట్లు పొర ఊడివస్తుంది. ఆ దశకు వచ్చిన తరువాత ఏ కాంపౌండూ పనికిరాదు. మొదటినుండి గీకి, మరల రంగు కొట్టించవలసినదే. కారు నడిపి బతికే టాక్సీవానికి అది కొన్ని వారాల సంపాదన.

అందుచేత వివరము తెలిసిన పనివాడు ముందుగా మందము కొలుస్తాడు. అరచేతిలో ఇమిడే చిన్న పరికరాన్ని రేకుమీద ఆనిస్తే అది ఇనుపరేకు ఎంత దూరంలో ఉన్నదో అయస్కాంత ప్రేరణవల్ల పసికట్టి, పూతల మొత్తపు మందాన్ని మైక్రాన్లలో చూపుతుంది. అల్యూమినియము రేకుకు సుడి విద్యుత్ప్రవాహాల పద్ధతి వాడతారు. మొత్తము 80కి దిగిందంటే ఎవరో ఇదివరకే బాగా అరగదీశారన్నమాట. 300 చూపితే అక్కడ దెబ్బ తగిలి లప్పం పెట్టి రంగు వేశారన్నమాట.

కురువిందము, జేగురు, చింతపండు

కాంపౌండులో పని చేసేది అందులోని పొడి. అది ఎక్కువగా అల్యూమినియము ఆక్సైడు. ప్రకృతిలో ఇది కురువిందము అనే ఖనిజముగా దొరుకుతుంది. ఇంగ్లీషువారు దానికి పెట్టుకొన్న 'కోరండమ్' అన్న పేరు దక్షిణదేశపు మాటనుండి వచ్చినదే. కెంపు, నీలము ఈ ఖనిజానికే రంగు పట్టిన రూపాలు. మోస్ కాఠిన్యపు వరుసలో దీని స్థానము 9. వజ్రము ఒక్కటే దీనికన్న గట్టిది. నేడు వాడే పొడిని ఫ్యాక్టరీలలో తయారుచేస్తారు. దానిని నీటిలోను, కొద్దిపాటి నూనెలోను చిలికి, విడిపోకుండా ఉండే పదార్థము కలిపితే కాంపౌండు అవుతుంది. నీరు చల్లబరుస్తుంది, నూనె జారుడునిస్తుంది.

ఇంత గట్టి పొడి పూతను మరింత గీరదా? గీరుతుంది. అందులో సందేహము లేదు. కాని పెద్ద గీతను తీసి దాని స్థానంలో వేల చిన్న గీతలను పెడుతుంది. వాటిని ఇంకా సన్నని పొడి తీసి ఇంకా చిన్న గీతలు పెడుతుంది. చివరకు గీతలు రేలీ చెప్పిన 0.07 మైక్రానుకు దిగువకు పోయేసరికి, ఉన్నా కంటికి లేనట్లే. షెడ్లలో లోతైన గీతకు మొదట నీళ్ళ కాగితము పడతారు. 2000 రకపు కాగితము రేణువు సుమారు 10 మైక్రాన్లుంటుంది. తరువాత ముతక కాంపౌండు, ఆపైన సన్నని కాంపౌండు. కొన్ని కాంపౌండులలో చిన్న రేణువులు ముద్దలుగా అతుక్కొని ఉంటాయి. బిళ్ళ కింద నలిగి అవి చితికిపోతూ ఉంటాయి. ముతకగా మొదలై సన్నగా ముగిసే ఉపాయమది. ఒక మెట్టు వదలి తొందరపడితే ముతక గీతలు సన్నని మెరుపు కింద నిలిచిపోయి, మరునాడు ఎండలో బయటపడతాయి.

ఈ మెట్ల వరుస కార్లతో పుట్టినది కాదు. జనగామ దగ్గరి పెంబర్తిలో ఇత్తడి రేకును సాగగొట్టి బొమ్మలు, ద్వారతోరణాలు తయారుచేసే పనివారు చివర మెరుగుపెట్టేదీ ఈ పద్ధతిలోనే. మహబూబాబాదు, ఖమ్మం ప్రాంతాల గనులలో దొరికే గ్రానైటు పలకలను వజ్రపుపొడి అద్దిన బిళ్ళలతో, నీరు పోస్తూ, ముతకనుండి సన్ననికి వరుసగా తిప్పి నునుపు చేస్తారు. పాలంపేటలో 1213లో వెలసిన రామప్ప గుడి నల్లరాతి మదనికలను చూచినవారికి రాతిలో ఎంత నునుపు సాధ్యమో వేరే చెప్పనక్కరలేదు. (2019లో ములుగు జిల్లా ఏర్పడేవరకు పాలంపేట భూపాలపల్లి జిల్లాలోనే ఉండేది.) అయితే ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. గ్రానైటు పలకలో ఒక మిల్లీమీటరు అరగదీసినా పలకకు లోటు లేదు. ఇత్తడికి కూడా కొంత ఇచ్చుకొనే శక్తి ఉన్నది. కారు పూతకు ఉన్నదంతా ఆ 40 మైక్రాన్లే. రాతిపనివాని ధైర్యము కారుమీద పనికిరాదు.

మహబూబాబాదు జిల్లాలోని బయ్యారం ఇనుపరాయి పేరు అందరూ విన్నదే. ఆ రాయిలోని ముఖ్యపదార్థము ఐరన్ ఆక్సైడు. ముగ్గులలోను, గోడలమీదను వాడే జేగురులోని ఎరుపు కూడా దానివల్లనే. దానినే మిక్కిలి సన్నని పొడిచేసి బంగారునగలకు, అద్దాలకు, దుర్బిణి కటకాలకు మెరుగుపెట్టడానికి చాలకాలము వాడారు. నగల పనివారు ఇప్పటికీ వాడతారు.

చింతపండు సంగతి వేరు. రాగిచెంబును చింతపండుతో తోమితే దానిలోని ఆమ్లము పైనున్న చిలుమును కరిగిస్తుంది. అది రసాయన చర్య. అదే చెంబును ఇటుకపొడితో తోమితే అది అరగదీయడము. మొదటిది చిలుమును తీస్తుంది కాని గీతను తీయలేదు. కారుమీద కాకి రెట్ట వేసిన మచ్చకు, గీతకు ఒకే మందు వాడరాదని చెప్పడానికి ఈ భేదము చాలు.

యంత్రము

చేతితో రుద్దినా గీతలు పోతాయి, కాలము పడుతుంది. 1924 నమూనా ఓక్‌లాండు కార్లకు అమెరికాలో మొదటిసారిగా 'డ్యూకో' అనే సెల్యులోజు రంగు వేసినప్పటినుండి చాలకాలము కాంపౌండు పట్టి రుద్దడం కార్ల రంగుపనిలో భాగంగా ఉండేది. మన షెడ్లలో ఆ రంగు తగ్గిపోయినా 'డ్యూకో పెయింటింగు' అన్న మాట నిలిచిపోయింది. నేటి క్లియర్ కోటు అంతకంటె గట్టిది, కనుక యంత్రము అవసరమైంది.

యంత్రాలు రెండు విధాలు. మొదటిదానిలో బిళ్ళ ఒకే ఇరుసుమీద తిరుగుతుంది. 15 సెంటీమీటర్ల బిళ్ళ నిముషానికి 1,500 చుట్లు తిరిగితే దాని అంచు వేగము సెకనుకు దాదాపు 12 మీటర్లు, అనగా గంటకు 42 కిలోమీటర్లు. బిళ్ళ నడిమధ్యలో వేగము సున్న. కోత అంతా అంచు దగ్గరనే జరుగుతుంది. వేడి కూడా అక్కడనే పుడుతుంది. పూత ఉష్ణవాహకత్వము ఇనుములో రెండువందల వంతు కూడా ఉండదు. కింద ఇనుపరేకు ఉన్నచోట పుట్టిన వేడిని రేకు కొంత లాగుకొంటుంది. బంపరు ప్లాస్టిక్ కనుక వేడి పోయే దారి లేక పూత మెత్తబడి, చుట్టుకొని వస్తుంది. బానెట్టు అంచుల వద్ద, మడతల వద్ద బరువంతా సన్నని గీటుమీద పడుతుంది. పైగా రంగు వేసినప్పుడు అంచులలో పూత పలుచగా నిలుస్తుంది. అనుభవము లేని చేయి మొదట కాల్చేది ఈ అంచులనే. అందుకే తెలిసినవారు అంచులకు కాగితపు టేపు అతికించి మరీ యంత్రము పట్టుకొంటారు.

ఒకే దిశలో తిరిగే బిళ్ళ ఒకే వరుస గీతలను పెడుతుంది. ఎండలో అవి పట్టుచీర నీడలవలె కదలాడుతూ కనిపిస్తాయి. రెండవరకపు యంత్రములో బిళ్ళ తన చుట్టూ తాను తిరుగుతూ, ఇరుసునుండి కొంచెము తొలగి మరొక వృత్తంలో కూడా తిరుగుతుంది. భూమి భ్రమణ, పరిభ్రమణాలను తలచుకొంటే సరిపోతుంది. రేణువు నడిచే దారి అనుక్షణమూ మారుతున్నందున గీతలకు ఒక వరుస ఏర్పడదు. కోత నెమ్మది, వేడి తక్కువ. కొత్తగా నేర్చుకొనేవారికి ఇదే తగినది.

మెరుగు అంటే కోతా, కరుగుటా?

నునుపు అంటే మిక్కిలి సన్నని గీకుడేనని న్యూటను 1704లో వెలువడిన తన కాంతిశాస్త్ర గ్రంథంలో భావించాడు. రేణువులు ఎంత సన్నవైనా గీకడము తప్ప మరొక విధంగా అవి పనిచేయలేవని ఆయన వాదము. ఇరవయ్యవ శతాబ్దపు ఆరంభంలో జార్జి బీల్బీ వేరొక మాట అన్నాడు: మెరుగుపెట్టినప్పుడు పై పొర ద్రవమువలె ప్రవహించి గీతలమీద పరచుకొంటుందని. 1937లో బౌడెన్, హ్యూస్ అనువారు చేసిన ప్రయోగాలు ఈ వాదానికి బలమిచ్చాయి. మెత్తని కర్పూరముతో రుద్దితే సుమారు 70 డిగ్రీల వద్ద కరిగే వుడ్ లోహానికి మెరుగు వచ్చింది. కర్పూరము సుమారు 176 డిగ్రీల వద్దగాని కరగదు. గట్టిదనము కన్న కరిగే ఉష్ణోగ్రతే ముఖ్యమని దీనివల్ల తోచింది. దేవునికి హారతిచ్చే కర్పూరముతో లోహానికి మెరుగుపెట్టవచ్చునంటే ఎవరికి ఆశ్చర్యము కలగదు!

1950 దశకంలో ఆస్ట్రేలియా లోహశాస్త్రజ్ఞుడు శామ్యూల్స్ మెరుగుపెట్టిన లోహాలను నిశితంగా పరీక్షించి, సాధారణంగా పాలిష్‌లో జరిగేది సన్నని కోతయేనని చూపాడు. న్యూటను మాటే చాలవరకు నెగ్గింది. కాని వేడికి మెత్తబడే పదార్థాలలో ప్రవాహానికి కూడా కొంత చోటున్నది. కారు పూత ప్లాస్టిక్ వంటిదే కనుక వేడెక్కిన బిళ్ళ కింద అది కొంత జరగగలదు. అయితే పనివాడు బిళ్ళను విదిలించినప్పుడు రాలే తెల్లని పొడిలో కాంపౌండుతోబాటు పూత ముక్కలు కూడా ఉంటాయి. క్లియర్ కోటు లేని పాతకాలపు కారు అయితే బిళ్ళకు కారు రంగే అంటుకొనేది. కోతకు వేరే సాక్ష్యము అక్కరలేదు.

గీత అసలు ఎవరు పెట్టారు?

కారుమీద గీతలలో ఎక్కువ భాగము రోడ్డుమీద పడినవి కావు. ఇంటిముందు తుడిచేటప్పుడు పడినవి. మహబూబాబాదు ప్రాంతపు ఎర్రచల్కా దుమ్ములో క్వార్ట్జు రేణువులుంటాయి. క్వార్ట్జు కాఠిన్యము 7. కిటికీ గాజునే గీరగలదు. ప్లాస్టిక్ పూత దానిముందు ఎంత? భూపాలపల్లిలో బొగ్గు లారీల వెంట లేచే మసి తనంతట తాను మెత్తనిదే. కాని మన బొగ్గులో రాతిపదార్థము హెచ్చు. కాలిన తరువాత మూడోవంతు, కొన్నిచోట్ల అంతకన్న ఎక్కువ, బూడిదగా మిగులుతుంది. చెల్పూరు వంటి విద్యుత్కేంద్రాలలో మిగిలే ఆ బూడిదలో గాజు గోళీల వంటి సూక్ష్మ రేణువులు, వాటితో క్వార్ట్జు ఉంటాయి. గ్రానైటు కోసేచోట లేచే దుమ్ము సంగతి సరేసరి. అది కారు పూతకన్న ముందు పనివాని ఊపిరితిత్తులకు శత్రువు.

ఇట్టి దుమ్ము పట్టిన కారును పొద్దున్నే పొడిగుడ్డతో తుడవడమంటే కొలత తప్పిన కాంపౌండుతో రుద్దడమే. షెడ్డులో రేణువులు ఏరిన పరిమాణంలో ఉంటాయి; గుడ్డలో ముతకా సన్నమూ కలిసి ఉంటాయి. ఈకల చీపురు కూడా అంతే. ముందుగా ధారాళంగా నీరు పోసి రేణువులను కడిగివేసి, సబ్బునీటితో మెత్తని గుడ్డను పైనుండి కిందికి నడిపి, గుడ్డను వేరే బకెట్టులో జాడిస్తూ ఉంటే కొత్త గీతలు చాల తగ్గుతాయి. నీటికి కరువైన వేసవిలో దుమ్ముతోనే వదలివేయడం పొడిగుడ్డకన్న మేలు. దుమ్ము కూర్చున్నంతసేపు గీత పడదు, కదిపినప్పుడే పడుతుంది.

ఇక ఉన్న గీతలమాట. గోటిని అడ్డంగా నడిపితే తగలని గీతను సన్నని కాంపౌండుతో తీయవచ్చును. గోరు పట్టుకొనే గీత చాల మైక్రాన్ల లోతున్నది. దానిని అడుగుదాకా తీయబోతే చుట్టూ గొడుగు చిరుగుతుంది. అట్టి గీతకు అంచులను మాత్రము కొంచెము గుండ్రబరచి వదలివేస్తారు. వాలు తగ్గినందున కాంతి చెదరడము తగ్గి, గీత ఉన్నా నాలుగడుగుల దూరమునుండి కనిపించదు. ప్రైమరు దాకా దిగి బూడిదరంగు కనిపిస్తున్న గీతమీద యంత్రము పెట్టనే రాదు. సన్నని కుంచెతో అదే రంగు చుక్కను అందులో నింపి ఆరనివ్వాలి. పూడ్చడము పనికివచ్చేది అక్కడనే.